"మీరున్నారా, కనెక్షన్ పోయిందా?": విజయనగరం నుంచి నా కన్సల్టింగ్ ఇంటర్వ్యూ

ఆఫర్ మెయిల్ 2025 నవంబర్ 28, శుక్రవారం సాయంత్రం 6 గంటల 52 నిమిషాలకి వచ్చింది. అప్లై చేసింది జులై 22న. మధ్యలో 129 రోజులు. అందులో నేను పరీక్ష రాసిందీ, ఇంటర్వ్యూల్లో కూర్చున్నదీ అంతా కలిపినా నాలుగు గంటలు దాటదు. మిగతాదంతా మెయిల్ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం.

మాది పలాస. విజయనగరంలో ఈసీఈ ఫైనలియర్. మూడు లాంతర్ల దగ్గర మేడ మీద గది తీసుకుని ఇంకో అమ్మాయితో కలిసి ఉంటున్నాను. మా కాలేజీకి సాఫ్ట్‌వేర్ కంపెనీలు వస్తాయి గానీ, కన్సల్టింగ్ కంపెనీ, అంటే వేరే వ్యాపారాలకి సలహాలిచ్చేది, ఒక్కటీ రాలేదు. ఈ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చదువుదామని వెతికితే దొరికినవన్నీ పెద్ద పెద్ద ఎంబీఏ కాలేజీల వాళ్లు రాసుకున్నవే. వాళ్లకి ప్రాక్టీసుకి క్లబ్బులు, సీనియర్లు, పుస్తకాలు అన్నీ ఉంటాయి. నాకు ఉన్నది ఒక ఫోను, రాజాంలో ఒక ఫ్రెండు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను.

మాకు రెండేళ్ల సీనియర్ అక్క ఒకామె అక్కడ పనిచేస్తోంది. ఆమె రెఫరల్ ఇచ్చింది. రెఫరల్ అంటే ఉద్యోగం ఇప్పించడం అనుకునేదాన్ని. కాదు, మన రెజ్యూమెని కనీసం ఒక మనిషి తెరిచి చూస్తారు, అంతవరకే. పంపే ముందు అక్క నా రెజ్యూమె చూసి రెండు పేజీలని ఒకటి చేయమంది. సెమినార్లు, హాబీలు, "కష్టపడే తత్వం" అన్నీ పోయాయి. నేను పెద్దగా పట్టించుకోని ఒక్క లైను మాత్రం పైకి తెప్పించింది. సెకండియర్‌లో మేం నలుగురం హాస్టల్ మెస్‌లో రోజూ మిగిలిపోయే అన్నాన్ని మూడు వారాలు కాటా పెట్టి తూచాం. 38 కిలోలు మిగిలేది, వడ్డించే గరిటె సైజు మార్పిస్తే 24కి దిగింది. "నీ మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టు గురించి ఎవరూ అడగరు, దీని గురించే అడుగుతారు" అంది అక్క. అలాగే అయింది. ప్రతి రౌండ్‌లోనూ ఆ అన్నం గురించే అడిగారు.

ఈ రౌండ్లకన్నా ముందు ఆగస్టులో వేరే కంపెనీ వాళ్ల గ్రూప్ డిస్కషన్‌కి విశాఖపట్నం వెళ్లాను. పన్నెండు మంది, పదిహేను నిమిషాలు. నేను నోరు తెరిచింది ఒక్కసారి, అదీ "నేను ఏకీభవిస్తున్నాను" అనడానికి. అది పోయింది. దాని గురించి ఇంకేం రాయడానికి లేదు, తిరుగు బస్సులో ఆనందపురం దాటేదాకా ఏడ్చానని తప్ప.

ఆ వారమే రాజాం అమ్మాయీ నేనూ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. ఒక రోజు తను కేసు ఇవ్వాలి, ఒక రోజు నేను. కేసు అంటే ఏదో ఒక వ్యాపారం కష్టంలో ఉంటుంది: లాభాలు తగ్గాయి, కొత్త ఊళ్లో షాపు పెట్టాలా వద్దా, ఇలా. మనం ప్రశ్నలు అడిగి, ముక్కలు చేసి, ఎక్కడ తేడా ఉందో పట్టుకోవాలి. గెస్టిమేట్ అంటే ఉజ్జాయింపు లెక్క: ఈ ఊళ్లో రోజుకి ఎన్ని కప్పుల టీ తాగుతారు లాంటివి. ఇద్దరం కలిపి నలభై దాకా చేసి ఉంటాం. కింద ఉండే ఓనర్ మామ్మగారు ఒక రోజు మెట్ల దగ్గర ఆపి, "రోజూ రాత్రి ఎవరితోనమ్మా ఆ లెక్కల తగువు? ఎవరైనా డబ్బులు ఎగ్గొట్టారా?" అని అడిగారు.

ఆన్‌లైన్ పరీక్ష సెప్టెంబర్ 14, ఆదివారం. తొంభై నిమిషాలు. లెక్కలు, లాజిక్, ఇంగ్లిష్ ప్యాసేజీలు, గ్రాఫులు చూసి జవాబులు. ఎంసెట్ రాసినవాళ్లకి లెక్కలు కష్టం కాదు, టైమే చాలదు. కెమెరా ఆన్‌లో ఉంచాలి, వేరే విండో తెరిస్తే వార్నింగ్ వస్తుంది. నాకు పరీక్ష మధ్యలో ల్యాప్‌టాప్ అప్‌డేట్ బాక్స్ దానంతటదే పైకొచ్చి ఒక వార్నింగ్ పడింది. ముందు రోజే అప్‌డేట్లన్నీ ఆపేసుకోండి. చివర్లో ఇంకొకటి ఉంది, దాని గురించి నాకెవరూ చెప్పలేదు: రికార్డెడ్ వీడియో. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించడానికి 30 సెకన్లు, మాట్లాడటానికి రెండు నిమిషాలు. అవతల మనిషే ఉండడు. మన మొహం మనకే కనిపిస్తుంటుంది. నేను ఆ రెండు నిమిషాలూ నా జడ వంకే చూశానేమో అనిపించింది. పాసైనట్టు మెయిల్ రావడానికి 12 రోజులు పట్టింది.

ఆ మెయిల్‌లో మొదటి ఇంటర్వ్యూ తేదీ చూసి రూమ్మేటూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అక్టోబర్ 7, మంగళవారం, సాయంత్రం 4 గంటలు.

విజయనగరం తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజు పైడితల్లమ్మ జాతర, సిరిమాను ఊరేగింపు. మధ్యాహ్నం నుంచి ఊళ్లోకి బండి రాదు, బయటికి పోదు. సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరిగేది సరిగ్గా నా ఇంటర్వ్యూ టైముకే. అంత జనం ఒక్కచోట చేరితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి గానీ డేటా మాత్రం కదలదు. మా గది సరిగ్గా ఆ దారి పక్కనే. డేట్ మార్చమని అడగాలంటే భయం. హైదరాబాద్ వాళ్లకి సిరిమాను అంటే ఏం చెప్పను, చెట్టు మీద పూజారి ఊరేగుతాడు కాబట్టి నాకు ఇంటర్నెట్ రాదని చెప్పనా?

(అడగాల్సింది. తర్వాత తెలిసింది, ఒక్కసారి మార్చమంటే మామూలుగా ఏమీ అనుకోరట.)

ఆరో తారీఖు, సిరిమాను ముందు రోజు తొలేళ్ల సాయంత్రమే ల్యాప్‌టాప్ సర్దుకుని నెల్లిమర్ల క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లిపోయాను. వాళ్లింట్లో నెట్ బాగుంది. కానీ నేను మర్చిపోయిందేంటంటే, సిరిమానుకి చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా చుట్టాలు నిండిపోతారు. హాల్లో పది మంది, వంటింట్లో బూరెలు. నాకు ఇచ్చిన గదిలో మంచం మీద చుట్టాల బ్యాగులు గుట్టలా ఉన్నాయి. తలుపుకి గడియ లేదు. నా ఫ్రెండ్ బయట తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని గంటసేపు కాపలా కూర్చుంది. నేను పైన ఫార్మల్ షర్టు, కింద నైట్ ప్యాంటు, వెనక గోడకి తగిలించిన కేలండర్ తీసేసి బట్టల దండెం కనపడకుండా దుప్పటి.

ఇంటర్వ్యూ చేసినాయన సరిగ్గా నాలుగింటికి వచ్చారు. ముప్పై అయిదు ఏళ్లుంటాయేమో. అంతా ఇంగ్లిష్‌లోనే. మీ గురించి చెప్పండి, మెస్‌లో అన్నం ఎలా తూచారు, తూచినవాళ్లు తప్పు రాయలేదని ఎలా తెలుసు. పది నిమిషాలు హాయిగా గడిచాయి. తర్వాత అడిగారు: "మీ ఊళ్లో ఏడాదికి ఎన్ని హెల్మెట్లు అమ్ముడుపోతాయి?"

కాగితం తీసుకున్నాను. జనాభా రెండున్నర లక్షలనుకుందాం. ఇంటికి నలుగురు. ఇళ్లు 62,500. నూటికి అరవై ఇళ్లలో బండి ఉందనుకుంటే 37,500. హెల్మెట్ నాలుగేళ్లు వస్తుంది. ఇదంతా నేను రాసుకుంటున్నాను. తల దించుకుని, పెదవి కూడా కదపకుండా.

"మీరున్నారా? కనెక్షన్ పోయిందా?"

తలెత్తాను. ఆయన స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూస్తున్నారు. నిమిషంన్నర నుంచి నేను ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాననీ, వీడియో ఆగిపోయిందని తాను అనుకున్నాననీ అన్నారు.

"ఉన్నాను సార్, లెక్క వేస్తున్నాను."

"ఆ లెక్క నాకూ వినిపించండి. నాకు కావాల్సింది అదే."

నెట్ కోసం ఊరు దాటి వచ్చి, నెట్ ఉండగా నేనే పోయినట్టు కూర్చున్నాను. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు చెవులు వేడెక్కిపోయాయి. నలభై కేసులు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతూ చేసినదాన్ని, అసలు మనిషి ఎదురుగా ఉండేసరికి పాత అలవాటులోకి జారిపోయాను. ఇంటర్ రెండేళ్లూ మాకు నేర్పింది అదే కదా. నోరు మూసుకుని లెక్క చెయ్యి, బబుల్ దిద్దు. క్లాసులో సగం లెక్క దగ్గర ఏదైనా అంటే "పూర్తిగా వచ్చాక చెప్పు, కూర్చో" అనేవారు. పెద్దవాళ్ల ముందు తేలని మాట అనకూడదని ఇంట్లోనూ అంతే. ఇక్కడ తేలని మాటే అడుగుతున్నారు. ఎటు వెళ్తున్నామో, ఎందుకు అటు వెళ్తున్నామో, ఎక్కడ అనుమానంగా ఉందో, అన్నీ పైకే. ఫ్రేమ్‌వర్కులు, అంటే కేసుని ముక్కలు చేసే రెడీమేడ్ పద్ధతులు, రెండు వారాల్లో వచ్చేస్తాయి. నాకు ఈ ఒక్కటి రావడానికే మూడు నెలలు పట్టింది, అదీ పూర్తిగా రాలేదు.

మొదటి నుంచి గట్టిగా చెప్పుకుంటూ వచ్చాను. 37,500ని నాలుగుతో భాగిస్తే ఏడాదికి 9,375. ఆయన ఒకటే అడిగారు: "మీ ఊళ్లో అందరూ హెల్మెట్ పెట్టుకుంటారా?" నవ్వేశాను. ఆయనా నవ్వారు. సగం మంది అనుకుంటే 4,700 దగ్గర, రోజుకి 13. అది నమ్మేలా ఉందా అన్నారు. ఊళ్లో హెల్మెట్లు అమ్మే షాపులూ, రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి అమ్మేవాళ్లూ నాకు గుర్తున్నంతవరకు ఆరేడు చోట్ల ఉన్నారు, ఒక్కొక్కరికి రోజుకి రెండు, అలాగైతే నమ్మొచ్చు అన్నాను. ఆ చివరి ముక్కకి ఆయన ఏదో రాసుకున్నారు. తర్వాత ఇంకో చిన్న కేసు అడిగారు, అది యావరేజీగా వెళ్లింది. మధ్యలో ఒక చిన్న పిల్లాడు ఎలా దూరాడో దూరి, బూరె పట్టుకుని కెమెరాలోకి చూశాడు. నలభై అయిదు నిమిషాలకి అయిపోయింది. గది తలుపు తీసేసరికి ఇంటిల్లిపాదీ నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు. టీవీలో సిరిమాను సౌండు ఆపేసి చూస్తున్నారు, నా కోసం.

అక్టోబర్ 16న మెయిల్: ఫైనల్ రౌండ్ హైదరాబాద్ ఆఫీసులో, 29వ తారీఖు ఉదయం. రానూపోనూ ఖర్చు ఎవరిదో అందులో రాయలేదు. అడిగాను. మనదేనట.

28 సాయంత్రం బండికి స్లీపర్ టికెట్ తీసుకున్నాను. ఆ తర్వాత మొంథా తుపాను సంగతి మీకు తెలుసు. 27 నుంచే కాలేజీ సెలవు, వాన, గాలి. 28 పొద్దున్నే మెసేజ్ వచ్చింది, రైలు రద్దు. బస్సులో వెళ్తే? తుపాను తీరం దాటేది ఆ రాత్రే, కాకినాడ వైపు, అంటే నా దారి మీదే. అమ్మ ఫోన్ చేసి "ఉద్దోగం పోతే పోనీయే, నువ్వు గదిలోంచి కదిలితే సూడు" అంది. ఈసారి అడగడానికి భయపడలేదు. రైలు రద్దైన మెసేజ్ ఫోటో పెట్టి, నాలుగు వాక్యాల మెయిల్ రాశాను. రెండు గంటల్లో జవాబు: నవంబర్ 6కి మార్చాం, జాగ్రత్తగా ఉండండి. రైలు టికెట్ డబ్బు దానంతటదే వెనక్కి వచ్చింది, బుకింగ్ ఫీజు తప్ప.

కొత్త తేదీకి మామూలు టికెట్లు లేవు. తత్కాల్ స్లీపర్ ముందు రోజు పదకొండింటికి తెరుస్తారు. ఇప్పుడు ఆధార్‌తో వెరిఫై చేసుకున్న అకౌంట్ ఉంటేనే తత్కాల్ ఇస్తున్నారు. నా అకౌంట్‌లో పేరు ఆధార్‌తో కలవక అది కాలేదు (ఈ పేరు గొడవ మళ్లీ వస్తుంది). రూమ్మేట్ అకౌంట్‌తో తీశాం. నవంబర్ 4 రాత్రి ఎక్కి 5 పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగాను. కూకట్‌పల్లిలో పిన్ని ఇల్లు. ఆ రోజు కార్తీక పౌర్ణమి. పిన్ని అపార్ట్‌మెంట్ బాల్కనీలో 365 వత్తులు వెలిగిస్తుంటే పక్కన కూర్చుని నేను మార్కెట్ ఎంట్రీ ఫ్రేమ్‌వర్క్ చదువుకున్నాను. అమ్మ పలాస నుంచి ఫోన్ చేసి తను కూడా వెలిగించానంది. "నీ పేరు సెప్పే ఎలిగించాను. ఆలు ఏటడుగుతారే?" అంది. కథ ఒకటి చెప్పి అందులో తప్పెక్కడుందో పట్టుకోమంటారు అన్నాను. "ఒట్టినే మాటాడితే జీతమిస్తారేటి?" అని ఆశ్చర్యపోయింది.

నా ఖర్చుల విషయం ఇక్కడే చెప్పేస్తాను. షర్టు, ప్యాంటు 1,650, ప్యాంటు కింద మడత కుట్టినందుకు టైలర్‌కి 60, బూట్లు 1,100, రానూపోనూ రైలు వెయ్యికి కాస్త అటూ ఇటూ, హైదరాబాద్‌లో ఆటో, మెట్రో కలిపి 400 దాకా, ప్రింట్లూ జిరాక్సులూ 200. బ్లేజర్ పిన్ని కూతురిది, భుజాల దగ్గర వదులు. కోచింగ్‌కి పైసా పెట్టలేదు. వేలకు వేలు పోసి కోర్సులు కొన్నవాళ్లని ఆ రోజు వెయిటింగ్ హాల్లో చూశాను, వాళ్ల టెన్షనూ నా టెన్షనూ ఒకటే.

తొమ్మిదింటికి రమ్మన్నారు. రాయదుర్గం మెట్రో దిగి పావుగంట నడక. గేటు దగ్గర సెక్యూరిటీ ఒరిజినల్ ఆధార్ అడిగారు, ఫోన్‌లో ఫోటో ఒప్పుకోలేదు. నా దగ్గర ఉంది, నా వెనకబ్బాయి దగ్గర లేదు. అతను పావుగంట అక్కడే ఎవరెవరికో ఫోన్లు చేస్తూ నిలబడ్డాడు. మొత్తం పద్నాలుగు మందిమి. ప్రతివాళ్లూ "ఏ క్యాంపస్?" అనే మొదలుపెట్టారు.

"విజయనగరం."

"ఓ, వైజాగ్?"

"కాదు, విజయనగరం."

దీన్ని నాలుగుసార్లు చెప్పాక అయిదోసారి "ఆ, వైజాగే" అనేశాను.

ముందు గ్రూప్ కేసు. ఆరుగురు, ఇరవై అయిదు నిమిషాలు, ఒక చార్టు. విశాఖపట్నంలో పోయిన డిస్కషన్ గుర్తుంది కాబట్టి ఈసారి మార్కర్ నేనే అందుకున్నాను. రాసేవాళ్లు మాట్లాడక తప్పదు, అదొక చిట్కా. ఒకబ్బాయి అందరి మాటకీ అడ్డొచ్చాడు, బాగా తెలివైనవాడే. తర్వాతి లిస్టులో అతని పేరు లేదు. ఎందుకో నాకు తెలీదు, ఊహించుకోవచ్చు.

తర్వాత పదకొండు నుంచి ఒకటీ నలభై దాకా ఊరికే కూర్చోవడం. ఏసీకి వేళ్లు కొంకర్లు పోయాయి. ఒక స్వెట్టర్ పెట్టుకోండి.

పార్ట్‌నర్ గారి (కంపెనీలో పై హోదా వాళ్లలో ఒకరు) గదిలోకి వెళ్లేసరికి ఆయన నా రెజ్యూమె చూస్తున్నారు. యాభై దాటి ఉంటాయి. "పలాసా? జీడిపప్పు పలాసా?" అన్నారు. అవునండీ, మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పీలింగ్‌కి వెళ్తుంది అన్నాను. ఆ మాట అనాలా వద్దా అని ముందు రోజంతా ఆలోచించాను, అనుకోకుండా వచ్చేసింది. ఆయన పక్కనున్న ప్రింటెడ్ కేసు మూసేసి, "సరే, ఒక జీడి ఫ్యాక్టరీ ఓనర్ మన దగ్గరికి వచ్చాడు. అమ్మకాలు తగ్గలేదు, లాభం తగ్గింది. ఎక్కడ మొదలుపెడతారు?" అన్నారు.

నా అదృష్టం అనుకున్నాను. కాదు, అక్కడే మునిగేదాన్ని.

తెలిసిన సబ్జెక్టు కావడంతో ఆనకట్ట తెగినట్టు చెప్పుకుపోయాను. పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) ఎండబెట్టడం, ఉడికించడం, కటింగ్, డ్రయ్యరు, పొట్టు తీయడం, గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలింది), ముక్క, పొట్టు ఊడనివి మళ్లీ వేడికి పెట్టడం, ఆఫ్రికా పిక్కకీ మన పిక్కకీ తేడా. మొదటి రౌండ్‌లో మాట రాలేదు, ఇప్పుడు ఆగట్లేదు. మూడు నిమిషాలయ్యాక ఆయన చెయ్యెత్తారు.

"నేను పలాస ఎప్పుడూ రాలేదు. నన్ను ఓనర్ అనుకోకండి. ఓనర్‌కి అప్పిచ్చిన బ్యాంకు మేనేజర్‌ని అనుకోండి. పై నుంచి చెప్పండి."

ఒక్క నిమిషం టైమ్ అడిగాను. అడగొచ్చు, అందరూ అడుగుతారు. కాగితం మీద గీసి, గీస్తూనే చెప్పాను. లాభం తగ్గితే రాబడి వైపు చూడాలి, ఖర్చు వైపు చూడాలి. అమ్మిన కిలోలు తగ్గలేదంటున్నారు, కానీ ఏ రకం ఎంత అమ్ముతున్నామో మారి ఉండొచ్చు, గుండుకి ఉన్న రేటు బద్దకి రాదు. ఖర్చులో పిక్క కొన్న రేటు, కూలి, కరెంటు, వడ్డీ. ఆయన "ఓనర్‌ని ఒక్క నంబరే అడగొచ్చు. ఏది అడుగుతారు?" అన్నారు. ఒక బస్తా పిక్కకి ఎన్ని కిలోల గుండు వస్తోంది, పోయినేడు ఎంత వచ్చింది అన్నాను.

ఆయన అంకెలు ఇచ్చారు. 80 కిలోల బస్తాకి 22 కిలోల పప్పు. అందులో పోయినేడు గుండు 70 శాతం, ఇప్పుడు 60. గుండుకీ బద్దకీ తేడా కిలోకి 150 రూపాయలు. రోజుకి 50 బస్తాలు, నెలకి 25 రోజులు. పైకే చెప్పుకుంటూ చేశాను: 22లో పది శాతం 2.2 కిలోలు, ఇంటూ 150, బస్తాకి 330. యాభై బస్తాలకి 16,500. ఇరవై అయిదు రోజులకి నలభై ఒక లక్షా...

"మళ్లీ చూడండి."

సున్నా ఒకటి ఎక్కువ పడింది. నాలుగు లక్షల పన్నెండు వేల అయిదొందలు. తప్పు పైకి చెప్పడం వల్ల ఒక లాభం ఉందని అక్కడ తెలిసింది, ఎదుటివాళ్లు వెంటనే ఆపుతారు. మనసులో చేసుకుని ఉంటే ఆ నలభై ఒక లక్ష మీద ఇంకో అయిదు నిమిషాలు కట్టుకుంటూ పోయేదాన్ని.

గుండు ఎందుకు తగ్గి ఉంటుంది అంటే, పిక్క రకం మారిందేమో, కొత్త మిషన్ పెట్టారేమో, ఆరబెట్టే టైము తగ్గించారేమో అన్నాను. ఎలా తెలుసుకుంటారు? పీలింగ్ చేసేవాళ్లని అడుగుతాను, వాళ్లకి కిలో లెక్కన కూలి, ఏ రోజు పప్పు విరిగిపోతోందో ఓనర్ కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది అన్నాను. మధ్యలో రెండుసార్లు ఇంగ్లిష్‌లో "అంటే" అని వచ్చేసింది. ఆయన పట్టించుకోలేదు.

హెచ్‌ఆర్ రౌండ్ మామూలే. ఈసీఈ చదివి కన్సల్టింగ్ ఎందుకు, బదిలీ అయితే వెళ్తారా, ఇంకెక్కడైనా ఆఫర్లున్నాయా. "వారంలో చెప్తాం" అన్నారు.

ఆ వారం 22 రోజులు సాగింది. పదో రోజు ఒక మెయిల్ పెట్టాను, మర్యాదగా, రెండు లైన్లు. జవాబు లేదు. పదిహేడో రోజు ఇంకొకటి పెట్టబోతే అక్క వద్దంది. వెయిటింగ్ హాల్లో పరిచయమైన ఒకమ్మాయికి 19న వచ్చేసిందని తెలిసింది. ఇక నాకు లేదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నుంచే కాస్త నిద్ర పట్టింది.

28 సాయంత్రం గంటస్తంభం దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటుంటే ఫోన్ మోగింది. చేతికి నూనె ఉంది, స్క్రీన్ తెరుచుకోలేదు. బజ్జీల ఆయన న్యూస్‌పేపర్ ముక్క ఇచ్చి "తుడుచుకోమ్మా, అంత కంగారేటి" అన్నాడు.

సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి నా మీద పెట్టే మొత్తం ఖర్చు, 7,20,000. అమ్మ వెంటనే పన్నెండుతో భాగించి, నెలకి అరవై వేలని వీధంతా చెప్పేసింది. కాదు. అందులో 60,000 వేరియబుల్, అది ఏడాది చివర్న, వస్తే వస్తుంది. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కూడా అందులోనే కలిపేస్తారు. అవన్నీ తీసేసి, నా వంతు పీఎఫ్, తెలంగాణలో నెలకి 200 ప్రొఫెషనల్ టాక్స్ పోతే చేతికొచ్చేది నలభై తొమ్మిది వేల చిల్లర. వీధికి ఈ సంగతి ఇంకా తెలీదు, తెలియక్కర్లేదు కూడా. జాయినింగ్ 2026 జులై అని రాసి, పక్కనే బ్రాకెట్‌లో "మారవచ్చు" అని ఉంది. ఆ బ్రాకెట్ గురించి అక్కని అడిగితే, తన బ్యాచ్‌కి మూడు నెలలు మారిందంది.

ఇప్పుడు పేరు గొడవ. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో ఇంటిపేరు చివర్న. వెరిఫికేషన్ వాళ్లకి మూడూ ఒకేలా ఉండాలి. ఆధార్ కేంద్రానికి నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి టోకెన్లు అయిపోయాయి, ఒకసారి మెమో ఒరిజినల్ కాలేజీలో ఉంది. నాలుగోసారి పనైంది, ఫీజు 75. థర్డియర్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే రేపే ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నా మొత్తం ప్రయాణంలో తీరిగ్గా ముందే చేసుకోగలిగిన పని ఇదొక్కటే, అదే చేయలేదు.

రాజాం అమ్మాయికి వచ్చే గురువారం మొదటి రౌండ్, వేరే కంపెనీ. తనకి నాకున్న జబ్బే, లెక్క మొదలైతే మాట ఆగిపోతుంది. ఈ రాత్రి తొమ్మిదిన్నరకి కేసు నేను ఇవ్వాలి. రాజాంలో రోజుకి ఎన్ని లీటర్ల పాలు అమ్ముడుపోతాయో అడుగుదామనుకుంటున్నాను. పది సెకన్లు మాట వినపడకపోతే ఫోన్ పెట్టేస్తానని చెప్పాను. కింద మామ్మగారికి కూడా ముందే చెప్పొచ్చాను, ఇవాళ గట్టిగా అరుస్తాననీ, ఎవరూ డబ్బులు ఎగ్గొట్టలేదనీ.